పండుగప్ప మొప్పలో పురుగు: దాని పేరు ఎంతవరకు తెలియాలి?

పోయిన వేసవిలో నిజాంపట్నం వైపు నుంచి ఒక రైతు గుంటూరులోని మా ఇంటికి థర్మాకోల్ పెట్టెలో, ఐసు మీద పడుకోబెట్టి రెండు పండుగప్పలు పంపారు. కూరకు కాదు. పెట్టె మూత మీద స్కెచ్ పెన్నుతో ఒక వాక్యం రాసి ఉంది: "మాస్టారూ, పురుగు పేరు చెప్పండి చాలు, మందు సంగతి నేను చూసుకుంటాను." ఆయన అప్పటికే మూడు మందుల దుకాణాలకు ఫోటో చూపించారు. ముగ్గురూ మూడు పేర్లు చెప్పి మూడు సీసాలు అమ్మారు.

జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఇంట్లో పాత మైక్రోస్కోపు ఉంది కాబట్టి ఇలాంటివి నా దగ్గరికి వస్తుంటాయి. ఆ రెండు చేపల వల్ల ఉపయోగం లేకపోయింది. చేప చచ్చిన కొన్ని గంటలకే మొప్పల పురుగులు చాలావరకు పట్టు వదిలేస్తాయి. మిగిలినవి ఐసు నీటిలో ఉబ్బి, చీకి, ఆకారం పోగొట్టుకుంటాయి. బతికున్న చేప కావాలని కబురు పెట్టాను. మూడో రోజు ఆక్సిజన్ నింపిన పాలిథిన్ సంచిలో జానెడు పండుగప్పతో ఆయనే బస్సు దిగారు.

ఆయన అడిగింది పైకి చిన్న ప్రశ్నే. కానీ పురుగు పేరు ఒక్క మాట కాదు. అది మెట్ల వరుస: వర్గం, విభాగం, కుటుంబం, ప్రజాతి (జీనస్), జాతి (స్పీషీస్). ఒక్కో మెట్టు దిగడానికి ఒక్కో పనిముట్టు కావాలి. అన్ని మెట్లూ దిగాల్సిన అవసరం అందరికీ ఉండదు. ఈ సంగతి తెలియక కొందరు పై మెట్టు మీదే పొరపడుతున్నారు. కొందరు అక్కర్లేని కింది మెట్టు కోసం డబ్బు ఖర్చు పెడుతున్నారు.

"పురుగు" అన్న ఒక్క మాటలో ఎన్ని జంతువులు

కైకలూరు, కొల్లేరు చుట్టుపక్కల కట్ల, రోహు చెరువుల్లో రైతుల్ని అడిగితే మొదట వినిపించేది పేను. చేప ఒంటి మీద గుండ్రటి పలకలా అతుక్కుని, చప్పున పాకే జీవి అది. దాని శాస్త్రీయ నామం ఆర్గులస్. యాంకర్ వార్మ్ అనే లెర్నియా పుల్ల గుచ్చినట్టు చర్మంలోంచి వేలాడుతుంది. పేరులో వార్మ్ ఉన్నా అది పురుగు కాదు. ఈ రెండూ రొయ్యకు, పీతకు దూరపు చుట్టాలు. ఉప్పునీటి చేపల మీద వీటి పాత్రను కాలిగస్ అనే సముద్రపు పేను పోషిస్తుంది. ఇక జలగ ఉంది. అది వానపాముకు చుట్టం. ఒళ్లంతా ఉంగరాలు, రెండు చివర్లా రెండు పీల్చుడు గిన్నెలు. సముద్రపు చేపల మీదా జలగలుంటాయి.

ఇవేవీ చదును పురుగులు కావు. చదును పురుగు అంటే కాళ్లు లేని, ఉంగరాలు లేని, రక్తనాళాలు లేని, పైనుంచి కిందికి అణిచినట్టుండే మెత్తని జీవి. జంతుశాస్త్రంలో దీని వర్గం ప్లాటిహెల్మింథిస్. మన పొట్టలో పెరిగే బద్దెపురుగు కూడా ఈ వర్గంలోదే.

మొదటి మెట్టు ఇదే. దీనికి పది రూపాయల భూతద్దం చాలు. కీళ్ల కాళ్లు కనబడితే అది పేను వంశం. ఉంగరాలు కనబడితే జలగ. రెండూ లేక, పారదర్శకంగా, సాగుతూ ముడుచుకుంటూ ఉంటే చదును పురుగు అయ్యే అవకాశం ఎక్కువ. ఈ తేడా పుస్తకాల గొడవ కాదు. ఐవర్‌మెక్టిన్ లాంటి మందు కాళ్లున్న పరాన్నజీవుల మీద, గుండ్రటి పురుగుల మీద పనిచేస్తుంది. చదును పురుగుల మీద పనిచేయదు. ప్రాజిక్వాంటెల్ దీనికి తిరగేసి ఉంటుంది. చదును పురుగు కండరాల్లోకి కాల్షియం ఒక్కసారిగా చొరబడేలా చేసి, దాన్ని బిగదీసి పట్టు వదిలిస్తుంది. పేనుకు దానివల్ల ఏమీ కాదు. మా రైతు కొన్న మూడు సీసాల్లో రెండు పేను మందులు. చేప మీద పేనే లేదు.

మధ్యలో మరో జీవి అక్కర్లేని పురుగులు

చేపలకు పట్టే చదును పురుగులు ముఖ్యంగా మూడు రకాలు. బద్దెపురుగులు పేగుల్లో ఉంటాయి. డైజీనియాలు అనేవి పేగుల్లోనో, రక్తనాళాల్లోనో, కండలోనో ఉంటాయి. ఈ రెండు రకాలకూ జీవితచక్రం పూర్తి కావాలంటే మధ్యలో మరో జంతువు ఉండాలి, నత్తో, చిన్న రొయ్య జాతి జీవో. ఆస్ట్రేలియాలోని పోర్ట్ లింకన్ దగ్గర పెంచే బ్లూఫిన్ ట్యూనా చేపల గుండెలో కార్డికోలా ఫోర్‌స్టెరి అనే డైజీనియా చేరుతుంది. అది మధ్యలో సముద్రపు అడుగున ఉండే ఒక పురుగులో కొంతకాలం గడిపి వస్తుంది. మూడో రకం మోనోజీనియాలకు మధ్యవర్తి ఎవరూ అక్కర్లేదు. ఒక చేప మీద పుట్టి, నీళ్లలో కాసేపు ఈది, పక్క చేపను పట్టుకుంటాయి.

సముద్రంలో చేప దూరదూరంగా తిరుగుతుంది కాబట్టి పిల్ల పురుగుకు ఆతిథేయి దొరకడమే కష్టం. నాగాయలంక దగ్గర కృష్ణా పాయల్లో పంజరం వేసి పండుగప్ప పెంచినా, తీరంలో ఉప్పునీటి చెరువు తవ్వి పెంచినా, చేప పక్కనే చేప ఉంటుంది. మోనోజీనియాకు అంతకంటే ఏం కావాలి? అందుకే ఉప్పునీటి చేపల సాగులో "చదును పురుగు" అన్నప్పుడు ఎక్కువసార్లు చెప్పేది వీటి గురించే.

మోనోజీనియాలోనూ రెండు పెద్ద తెగలున్నాయి. ఒక తెగ కొక్కేలతో పట్టుకుని చర్మపు కణాలను, జిగటను తింటుంది. రెండో తెగ మొప్పల మీద బట్టల క్లిప్పుల్లాంటి పట్టుకర్రలతో వేలాడుతూ రక్తం తాగుతుంది. రక్తం తాగే పురుగు పేగులో నల్లటి రంగు పేరుకుని ఉంటుంది. మైక్రోస్కోపు కింద పెడితే ఒళ్లంతా నల్లని కొమ్మలు గీసినట్టు కనబడుతుంది. ఈ రెండు తెగలూ అసలు ఒకే విభాగం కావని, వేర్వేరు విభాగాలుగా చూడాలని 2023లో జన్యు ఆధారాలతో ఒక వాదన వచ్చింది. అది నిలబడితే మేం పిల్లలకు చెప్పిన "మోనోజీనియా" అనే పాఠం తిరగరాయాలి. నాకేమీ బాధ లేదు, రిటైరయ్యాను.

గిన్నెడు మంచినీళ్లలో తెల్లబడే పురుగు

చర్మం మీది మోనోజీనియాల్లో ప్రపంచమంతటా సాగుదారులను ఏడిపించేది నియోబెనెడినియా అనే ప్రజాతి. పెరిగిన పురుగు కొన్ని మిల్లీమీటర్లు ఉంటుంది. అంటే కంటికి కనబడాల్సినంత పెద్దదే. అయినా కనబడదు, ఎందుకంటే గాజులా పారదర్శకం. చేప పంజరం వలకు ఒళ్లు రుద్దుకుంటుంది, కళ్లు పొరలు కమ్ముతాయి, పొలుసులు రాలతాయి. రైతుకు పుండ్లు కనబడతాయి కానీ పురుగు కనబడదు.

దాన్ని చూసే మార్గం చాలా పాతది, చాలా చవకైనది. చేపను కొద్ది నిమిషాలు మంచినీళ్లలో ఉంచితే ఉప్పునీటికి అలవాటుపడ్డ పురుగు ఒంట్లోకి నీరు చొరబడి, అది ఉబ్బి, పాలవిరుగుడులా తెల్లబడి, జారి గిన్నె అడుగున పడుతుంది. పండుగప్ప నదిలోనూ సముద్రంలోనూ బతికే చేప కాబట్టి దీన్ని బాగానే తట్టుకుంటుంది.

అయితే పడేది పెద్ద పురుగే, గుడ్డు కాదు. నియోబెనెడినియా గుడ్డు నాలుగు మూలలుగా ఉండి, చివర పొడవాటి దారం కలిగి ఉంటుంది. ఆ దారాలు వల కన్నులకు చిక్కు పడతాయి. పెంకు మంచినీటిని లోపలికి రానివ్వదు. వెచ్చని నీటిలో వారం లోపే పిల్లలు బయటికొస్తాయి. అవి పెరిగి మళ్లీ గుడ్లు పెట్టడానికి ఇంచుమించు రెండు వారాలు చాలు. "మందు వేశాం, పోయింది, పదిహేను రోజులకు మళ్లీ వచ్చింది, మందు నకిలీది" అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఈ లెక్కే. వచ్చింది పాత పురుగు కాదు, దాని పిల్ల.

దీనికి పూర్తిగా భిన్నమైనది గైరోడాక్టిలస్. అది గుడ్లు పెట్టదు, పిల్లను కంటుంది. కడుపులోని పిల్ల కడుపులో మరో పిల్ల అప్పటికే తయారవుతూ ఉంటుంది. మైక్రోస్కోపు కింద తల్లి పొట్టలో పిల్ల కొక్కేలు మెరుస్తూ కనబడతాయి. దీన్ని చూసినప్పుడల్లా చిన్నప్పుడు తిరునాళ్లలో కొన్న కొయ్యబొమ్మలో బొమ్మ గుర్తొస్తుంది. గుడ్డు లేదు కాబట్టి వల మీద మిగిలే విత్తనం కూడా లేదు. మొదటిదానికి చికిత్స మధ్య విరామాలు గుడ్డు పొదిగే కాలాన్ని బట్టి లెక్క కట్టాలి. రెండోదానికి ఆ లెక్కే వర్తించదు. ప్రజాతి మెట్టు వరకు దిగడం వల్ల రైతుకు దక్కే ఫలితం ఇది.

ఆ పండుగప్ప మొప్పలో ఏముంది

మా రైతు తెచ్చిన చేపను మంచినీళ్లలో పెట్టాం. చర్మం నుంచి ఏదీ రాలలేదు. మొప్ప రేకు ఒకటి కత్తిరించి, చెరువు నీటి చుక్కలో పెట్టి చూశాను. ఎర్రటి దువ్వెన పళ్ల మధ్య ఏదో నూలుపోగు ముక్కలా కదిలింది. అర మిల్లీమీటరు ఉంటుంది. ముందు భాగం చాచి తడుముతోంది, వెనుక భాగం కదలడం లేదు.

పేరు పెట్టడానికి ఉపయోగపడేది కదలని భాగమే. మోనోజీనియా వెనుక చివర ఉండే పట్టును హాప్టర్ అంటారు. కొక్కేలు, వాటిని కలిపే కడ్డీలు, అంచున వెంట్రుక కంటే సన్నని బుల్లి కొక్కేలు అన్నీ అక్కడే ఉంటాయి. ఇవి గట్టివి, మెత్తని ఒళ్లులా ఆకారం మారవు.

తల దగ్గర నాలుగు నల్లని కంటిచుక్కలు. కాబట్టి కళ్లు లేని గైరోడాక్టిలస్ కాదు. పెద్ద కొక్కేలు రెండు జతలు. కాబట్టి మంచినీటి గండెల మొప్పల్లో కనబడే డాక్టిలోగైరస్ కాదు, దానికి ఒకే జత. రెండు జతల మధ్య మూడు కడ్డీలు. వీటన్నిటికంటే ముఖ్యంగా హాప్టర్ పైనా కిందా చేప పొలుసు మీది గీతల్లా వరుసలు తీరిన బుల్లి పుల్లల పలక. ఆ పలకను చూస్తే కుటుంబం దాదాపు తేలిపోయినట్టే: డిప్లెక్టానిడే. పండుగప్పలకు, బొంత చేపలకు మొప్పల్లో తరచుగా పట్టేది ఈ కుటుంబమే.

అక్కడే ఆగాను. ఎందుకు ఆగానో చెప్పాలంటే కొలతల గురించి చెప్పాలి. ఆ పురుగు పొడవు కొలిస్తే 420 మైక్రాన్లు వచ్చింది. కొక్కేలు స్పష్టంగా కనబడడం కోసం కవర్‌స్లిప్ కింది నీటిని టిష్యూ కాగితంతో పీల్చాను. అదే పురుగు 510 మైక్రాన్లు అయింది. జీవి అదే, మధ్యలో గడిచింది రెండు నిమిషాలు. కొక్కెం పొడవు మాత్రం రెండుసార్లూ ఒక్కటే. "పొడవు ఇంత, వెడల్పు ఇంత, కాబట్టి కొత్త జాతి" అని రాసిన పాత వర్ణనలను నిపుణులు అనుమానంగా చూసేది ఇందుకే. కొక్కేలైనా పూర్తిగా నమ్మదగ్గవి కావు. గైరోడాక్టిలస్‌లో ఒకే జాతి పురుగుకు చల్లని నీటిలో పెరిగితే పెద్ద కొక్కేలు, వెచ్చని నీటిలో చిన్నవి వస్తాయి.

ఒక పురుగుకు మూడు ఇంటిపేర్లు, రెండు పురుగులకు ఒకే పేరు

పండుగప్ప మొప్పల మీది ఒక పురుగును 1950ల్లో త్రిపాఠి అనే భారతీయ శాస్త్రవేత్త డిప్లెక్టానమ్ లేటెసి అని వర్ణించారు. లేటెస్ అనేది పండుగప్ప శాస్త్రీయ నామంలోని మొదటి మాట. తర్వాత దాన్ని సూడోరాబ్డోసినోకస్ అనే ప్రజాతిలోకి మార్చారు. 2006లో లాటికోలా అనే కొత్త ప్రజాతిని ఏర్పరచి అందులో చేర్చారు. పురుగు మారలేదు, మొప్ప మారలేదు, మారింది ఇంటిపేరు. రైతు మూడు వ్యాసాలు చదివితే తన చెరువులో మూడు జబ్బులున్నాయని భయపడతాడు. "లేటెసి" అనే చివరి మాటను పట్టుకుంటే ఈ అయోమయం సగం తగ్గుతుంది, ఎందుకంటే ప్రజాతి మారినా జాతి పేరు సాధారణంగా వెంటే వస్తుంది.

దీనికి తలకిందులైన కథ నియోబెనెడినియాది. 1927లో న్యూయార్క్ అక్వేరియం చేపల మీద దొరికిన పురుగును మెల్లెని అన్నారు. 1955లో కాలిఫోర్నియా తీరపు గిరెల్లా అనే చేప మీద దొరికినదాన్ని గిరెల్లే అన్నారు. 1996లో ఆ ప్రజాతి నమూనాలను పక్కపక్కన పెట్టి చూసిన ఇద్దరు నిపుణులు, రెండింటి మధ్య నమ్మదగ్గ తేడా లేదు, కాబట్టి పాత పేరు మెల్లెనియే చెల్లుతుందని తీర్మానించారు. అప్పటినుంచి వందకు పైగా చేప జాతుల మీద దొరికినదంతా చాలామంది రాతల్లో మెల్లెని అయిపోయింది.

ఇది కొందరికి మింగుడు పడలేదు. నియోబెనెడినియా కుటుంబంలో చాలా పురుగులు ఒకటి రెండు చేప జాతులకే కట్టుబడి ఉంటాయి. ఒక్క పురుగు వంద చేపలకు పడుతుందంటే, అది నిజంగా ఒక్కటేనా? జపాన్‌లో మాత్రం గిరెల్లే అనే పేరును వదల్లేదు. 1990ల ఆరంభంలో అక్కడ కనబడ్డ ఈ పురుగు హైనాన్, హాంకాంగ్‌ల నుంచి దిగుమతైన చేప పిల్లలతో వచ్చి ఉంటుందని అక్కడి పరిశోధకులు భావించారు. చివరికి 2018లో వేర్వేరు దేశాల నమూనాల డీఎన్ఏను పోల్చిన పరిశోధన రెండూ వేర్వేరు జాతులని, సాగులో నష్టం చేస్తున్నది ప్రధానంగా గిరెల్లేనని తేల్చింది. అంటే రెండు దశాబ్దాలకు పైగా మెల్లెని పేరుతో అచ్చయిన ప్రయోగాల్లో చాలావరకు మరో పురుగు గురించినవి.

1996 నాటి వాళ్లు అజాగ్రత్తగా పనిచేశారని దీని అర్థం కాదు. వాళ్ల చేతిలో ఉన్నవి రంగు అద్దిన స్లయిడ్లు. ఈ ప్రజాతిని దగ్గరి చుట్టమైన బెనెడినియా నుంచి విడదీసే గుర్తుల్లో ఒకటి యోని లేకపోవడం. ఉన్నదాన్ని చూశానని చెప్పడం తేలిక. లేదని, స్లయిడు సరిగా రాక కనబడకపోవడం కాదని, నిజంగానే లేదని చెప్పడం ఎంత కష్టమో మైక్రోస్కోపు ముందు కూర్చున్నవాళ్లకు తెలుసు.

కొక్కేల పక్షం, డీఎన్ఏ పక్షం

ఇది చదివాక డీఎన్ఏ గెలిచిందనిపిస్తుంది. అంత సులువు కాదు. పురుగులో కొంత భాగం తీసి 28ఎస్ వంటి ఒక జన్యు ముక్క వరుసను చదివి, అంతర్జాతీయ జన్యు నిధిలో ఉన్న వరుసలతో పోలుస్తారు. కంప్యూటర్ "99 శాతం సరిపోయింది, ఫలానా జాతి" అంటుంది. కానీ ఆ నిధిలోని పేరును రాసింది ఎవరు? ఎప్పుడో ఎవరో కొక్కేలు చూసి పెట్టిన పేరే అది. వాళ్లు పొరపడి ఉంటే 99 శాతం కచ్చితత్వంతో మనమూ పొరపడతాం. అసలు ఆ జాతి వరుస నిధిలో లేనే లేకపోతే, దగ్గరి చుట్టాన్ని చూపించి యంత్రం ఊరుకుంటుంది. మన తీరాల పురుగులకు ఇది బాగా వర్తిస్తుంది. వర్ణించినవాటిలో చాలావాటికి స్లయిడు బొమ్మే ఆధారం.

కొక్కేల పక్షం వాదన ఇది: జాతి పేరు ఒక నమూనాకు ముడిపడి ఉంటుంది, ఆ నమూనా మ్యూజియంలో గాజు పలక మీద ఉంటుంది, దాంతో పోల్చని పేరు గాలిలో పేరు. డీఎన్ఏ పక్షం వాదన ఇది: పోల్చేవాళ్లు ఏరీ? ఈ పురుగుల వర్గీకరణలో చేయి తిరిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది, ప్రతి హేచరీ నమూనా వాళ్ల దాకా వెళ్లలేదు. రెండింటిలోనూ నిజముంది.

మంచి ప్రయోగశాలలు చేసే పని నాకు నచ్చుతుంది. ఒకే పురుగును రెండుగా కోస్తారు. కొక్కేలున్న వెనుక భాగం స్లయిడు మీదికి, మిగతా ఒళ్లు గాఢమైన ఆల్కహాలులోకి. రేపు ఎవరికైనా అనుమానం వస్తే, వరుస ఏ కొక్కేలదో, కొక్కేలు ఏ వరుసవో చూసుకోవచ్చు. ఫార్మలిన్ సీసాలో వేస్తే ఈ అవకాశం పోతుంది. ఫార్మలిన్ ఆకారాన్ని కాపాడుతుంది కానీ డీఎన్ఏను పాడుచేస్తుంది. మన కాలేజీ మ్యూజియాల్లో అరల నిండా ఉన్న సీసాలు చాలావరకు ఫార్మలిన్ సీసాలే.

ఎవరికి ఏ మెట్టు

జాతి మెట్టు దిగకపోతే ఏమవుతుందో నార్వే చూసింది. గైరోడాక్టిలస్ సలారిస్ అనే పురుగు బాల్టిక్ ప్రాంతపు సాల్మన్ మీద పెద్దగా హాని లేకుండా బతుకుతుంది. 1970ల్లో చేప పిల్లల రవాణాతో అది నార్వే నదుల్లోకి చేరింది. అక్కడి సాల్మన్‌కు దాన్ని తట్టుకునే శక్తి లేదు. యాభైకి దగ్గరగా నదులు దెబ్బతిన్నాయి. చాలా నదుల్లో రొటెనోన్ అనే విషం కలిపి ఉన్న చేపలన్నిటినీ చంపి మళ్లీ మొదలుపెట్టారు. ఇది నదిలోని పురుగు, సముద్రపు ఉప్పులో బతకదు. కానీ పాఠం సముద్రపు సాగుకూ చెందుతుంది. గ్రేలింగ్ అనే చేప మీద దాదాపు ఇలాంటిదే మరో గైరోడాక్టిలస్ ఉంది. అది వేరే జాతా, ఇదేనా అన్న వాదన ఏళ్ల తరబడి సాగింది. ఒక నదిలో విషం కలపాలా వద్దా అన్న నిర్ణయం కొక్కెం వంపు మీద ఆధారపడితే, ఆ వంపు ఎవరు కొలిచారన్నది చిన్న విషయం కాదు. దేశం దాటి, రాష్ట్రం దాటి చేప పిల్లల్ని పంపేవాళ్లకు, అనుమతులిచ్చేవాళ్లకు జాతి పేరు కావాలి.

చెరువు గట్టున నిలబడ్డవాళ్లకు చాలావరకు ప్రజాతి చాలు, కొన్నిసార్లు కుటుంబమే చాలు: గుడ్డు పెడుతుందా, రక్తం తాగుతుందా, మొప్పలోనా చర్మం మీదా. వాళ్లను జాతి పేరు కోసం పరీక్షలకు పంపడం చాలాసార్లు వృథా ఖర్చే అని నా అభిప్రాయం. పేను కాదు, చదును పురుగు అని తెలియకుండా మందు అమ్మడం మాత్రం అంతకంటే పెద్ద వృథా.

విజయవాడ చేపల బజారులో కొనేవాళ్ల ప్రశ్న వేరు. మొప్పల్లో పురుగులున్న చేపను తింటే మనకు వస్తాయా? ఇక్కడ విభాగం తెలిస్తే చాలు. చేపలకు పట్టే మోనోజీనియా మనిషి ఒంట్లో బతకలేదు. మొప్పలు ఎలాగూ కత్తిపీట దగ్గరే పోతాయి. చేపల్లోని చదును పురుగుల్లో మనుషులకు పట్టేవి కొన్ని డైజీనియాలు, కొన్ని బద్దెపురుగులు. చైనా, థాయిలాండ్ వంటి చోట్ల మంచినీటి చేపను పచ్చిగా తినేవాళ్లకు కాలేయంలో చేరేవి డైజీనియాలే. పండుగప్ప పులుసు మరిగే కుండలో వాటి పని కూడా అయిపోతుంది.

మా రైతుకు "డిప్లెక్టానిడే, మొప్ప పురుగు, గుడ్లు పెడుతుంది, పేను మందులు పనికిరావు" అని ఒక కాగితం మీద రాసిచ్చాను. ఆయన కాగితాన్ని రెండు వైపులా తిప్పి చూసి, "ఇంటిపేరే రాశారు, అసలు పేరు రాయలేదు మాస్టారూ" అన్నారు. పురుగు వెనుక ముక్క స్లయిడు మీద ఉంది, ముందు ముక్క బుల్లి సీసాలో ఆల్కహాలులో ఉంది. రెండింటి చీటీల మీదా పెన్సిలుతో తేదీ, ఊరు, "పండుగప్ప, ఎడమ మొప్ప, రెండో రేకు" అని ఉంది. జాతి దగ్గర ఖాళీ వదిలాను.